రోజుకు పావుగంటా, పండగకు ఒక్కసారా? ఇంట్లో సామాను తగ్గించే దారి ఏది?

తూర్పుగుమ్మం
సంక్రాంతి దగ్గరపడుతోంది, ఈ ప్రశ్న ఇప్పుడు తేలాలి. నలుగురు ఉండే రెండు పడగ్గదుల ఫ్లాటు అనుకోండి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, రెండు అటకలూ నిండిపోయాయి, బీరువా తలుపు భుజంతో తోస్తే తప్ప పడదు. ఇలాంటి ఇంట్లో రోజుకో పావుగంట కొంచెం కొంచెంగా తీసెయ్యడం మేలా, రెండు రోజులు సెలవు పెట్టి అంతా కిందికి దించి ఒకేసారి తేల్చెయ్యడం మేలా? అమెరికాలో మొదలైన ఫ్లైలేడీ అనే ఇంటి సర్దుడు పద్ధతి పాటించేవాళ్లు పావుగంట టైమరు పెట్టుకోమంటారు. ఇల్లు సర్దడం మీద పుస్తకాలు రాసిన జపాన్ ఆవిడ మేరీ కొండో పద్ధతి వాళ్లు ఒక రకం వస్తువులన్నీ ఒకచోట కుప్ప పోసి తేల్చమంటారు. మన ఇళ్లలో ఏది నిలబడుతుందో పని వివరంతో చెప్పండి.

నడవా
రోజుకు పావుగంటే. ఎందుకంటే ఇంట్లోకి సామాను రోజూ వస్తుంది. పార్శిల్ డబ్బా, స్కూలు నోటీసు, వ్రతానికి వెళ్తే ఇచ్చిన స్టీలు గిన్నె, కూరగాయల సంచి. రోజూ వచ్చేదాన్ని ఏడాదికోసారి ఆపలేం.

ఒక సొరుగు, లేదా ఒక అర, లేదా ఫ్రిజ్ పైభాగం. అంతకుమించి ముట్టుకోవద్దు. మూడు సంచులు పెట్టుకోండి: పారేసేవి, ఇచ్చేసేవి, వేరే గదికి వెళ్లాల్సినవి. పది నిమిషాలు ఏరండి, మూడు నిమిషాల్లో తుడిచి ఉంచేవాటిని తిరిగి పెట్టండి, చివరి రెండు నిమిషాల్లో ఆ మూడో సంచిని గదుల్లో ఎక్కడివక్కడ ఖాళీ చెయ్యండి. ఆ రెండు నిమిషాలు ఎగ్గొట్టారంటే సంచి దివాన్ మీద చేరుతుంది. వారం తిరిగేసరికి అలాంటివి నాలుగవుతాయి, ఇల్లు మొదటికన్నా అధ్వానంగా ఉంటుంది. ఈ పద్ధతి ఎక్కువగా అక్కడే చెడుతుంది.

వేళ కూడా ముఖ్యం. రాత్రి భోజనాలయ్యాక చేస్తే అలసట మీద ప్రతి వస్తువుకూ "ఉండనీలే" అనిపిస్తుంది. వంటింటికి మంచి వేళ పొద్దున కుక్కరు పొయ్యి మీద పెట్టినప్పుడు. విజిళ్లు వచ్చి ఆవిరి దిగేసరికి సుమారు పావుగంట, ఇరవై నిమిషాలు. వేరే టైమరు అక్కర్లేదు.

అటకనిచ్చెన
నడవా గారూ, మీ పద్ధతిలో ఒకే రకం వస్తువులు ఒకచోట కనబడవు. ఈ వారం వంటింటి సొరుగులో కత్తెర దొరుకుతుంది, ఉంచుతారు. పై వారం కుట్టుమిషను సొరుగులో ఇంకోటి, అదీ ఉంచుతారు. ఆపై బాత్‌రూం అలమర, పుస్తకాల బల్ల, పూజగది. అయిదు కత్తెరలు, అయిదూ అవసరమే అనిపిస్తాయి. ఛార్జర్లు, తాళంచెవులు, మందులు, సేఫ్టీ పిన్నుల డబ్బాలు అన్నిటిదీ ఇదే కథ. అన్నీ ఒకే దుప్పటి మీద పోస్తే తప్ప ఎన్ని ఉన్నాయో కంటికి ఆనదు.

మేరీ కొండో చెప్పిన వరస: బట్టలు, పుస్తకాలు, కాగితాలు, చిల్లర సామాను, చివర జ్ఞాపకాలు. మనకు స్టీలు సామానును చిల్లర సామానులో కలిపితే కుదరదు, అదే సగం ఇల్లు. దాన్ని విడిగా పెట్టుకుని మూడు పూటలుగా విడగొట్టాలి: రోజూ వాడేవి, చుట్టాలొస్తే తీసేవి, పెళ్లికో గృహప్రవేశానికో వచ్చి డబ్బాలోంచి దిగనివి.

మొదటి పూట మూతలతో మొదలుపెట్టండి. ప్రతి మూతనీ దాని గిన్నె మీద పెట్టండి. గిన్నె లేని మూతలు, మూత లేని డబ్బాలు ఏ చర్చా లేకుండా పక్కకు వెళ్తాయి, అరలో బాగా చోటు దొరికేది ఇక్కడే. తర్వాత కంచాలు, గ్లాసులు లెక్కపెట్టండి. నలుగురింట్లో ఎనిమిది కంచాలు, పన్నెండు గ్లాసులు కింద చాలు. పదిమంది చుట్టాలకు సరిపడా ఒక కట్ట అటక మీద. మిగతావి బయటికి.

నడవా
చెప్పినంత తేలికైతే ఏటా అటక మళ్లీ ఎందుకు నిండుతోంది? పొద్దున తొమ్మిదికి అంతా దించుతారు. మధ్యాహ్నం రెండుకి నడవడానికి చోటుండదు. నాలుగుకి పిల్లలొస్తారు. చీకటిపడేసరికి చూడకుండా అంతా పైకెక్కుతుంది. మేరీ కొండో కూడా మూడో బిడ్డ పుట్టాక సర్దుడు విషయంలో కాస్త వదిలేశానని 2023లో చెప్పింది. ఆవిడను తప్పుపట్టడానికి కాదు, చిన్నపిల్లలున్న ఇంట్లో రోజంతా ఒక పనికి దొరకదని అంటున్నాను.

అటకనిచ్చెన
అటక మొత్తం ఒకేసారి దించమని నేను అనలేదు, తప్పు జరిగేది అక్కడే. టిఫినుకూ భోజనానికీ మధ్య తేలేంత మాత్రమే దించాలి. రెండు గోతాలు, లేదా మూడు పెట్టెలు. ఒక అటకకు నాలుగు శనివారాలు పట్టినా పట్టనివ్వండి.

ఇద్దరు ఉండాలి: ఒకరు నిచ్చెన మీద, ఒకరు కింద అందుకోవడానికి. కుర్చీ మీద స్టూలు వేసి ఎక్కొద్దు. మూతికి మాస్కు, చేతిలో తడిగుడ్డ. పొడి చీపురుతో దులిపితే దుమ్మంతా మళ్లీ కిందే పడుతుంది. దించిన పెట్టెలో నలుపు రంగు గుళికల్లాంటి బొద్దింక మలం కనిపిస్తే, గదిలో తెరవకుండా బాల్కనీలో తెరవండి.

తిరిగి ఎక్కించేటప్పుడు అట్టపెట్టెలు వద్దు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అట్ట తేమ పీల్చి మెత్తబడుతుంది. దాని జిగురు బొద్దింకలకు, సిల్వర్ ఫిష్ పురుగులకు తిండి. ట్రంకు పెట్టె, లేదా మూత గట్టిగా పడే ప్లాస్టిక్ పెట్టె వాడండి. పెట్టెకో నంబరు వేసి, ఏ నంబరులో ఏముందో బీరువా తలుపు లోపల కాగితం అంటించండి. ఆ కాగితం లేకపోతే అటక మీద ఉన్నది గుర్తులేక అదే వస్తువు మళ్లీ కొంటారు.

ఇంకో మాట. జపాన్‌లో ఏడాది చివర ఓసోజి అని ఇల్లంతా శుభ్రం చేసే ఆచారం ఉంది, మన భోగి ముందరి దులుపుడు లాంటిదే. దానివల్ల దుమ్ము పోతుంది గానీ సామాను తగ్గదు. దులపడం, తగ్గించడం రెండు వేర్వేరు పనులు. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే దులపడమే జరుగుతుంది.

గోదారిగట్టు
మీరిద్దరూ తీసెయ్యడం గురించే మాట్లాడుతున్నారు. వచ్చే దారి మూయకపోతే ఏ పద్ధతీ నిలవదు.

పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆడవాళ్లు వీధుల్లో తిరుగుతారు. ఇరవై బట్టలు తీసేశామని సంతోషిస్తాం, వాటికి బదులు ఒక టిఫిను డబ్బా ఇంట్లోకి వస్తుంది. బీరువాలో చోటు దొరికింది, వంటింట్లో పోయింది. వాళ్లకు బట్టలు ఇవ్వండి, బదులుగా వచ్చేది మాత్రం ఇంట్లో నిజంగా లోటున్న వస్తువే అడిగి తీసుకోండి.

శ్రావణమాసంలో జాకెట్ ముక్కలు కట్టలుగా వస్తాయి. అవి మళ్లీ వాయనంలో ఇవ్వడం మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే, తప్పేం కాదు. చిక్కల్లా ఇచ్చినవాళ్లకే తిరిగి వెళ్లడం. ఒక్కోదానికి ఎవరిచ్చారో, ఏ ఏడో రాసిన చిన్న కాగితం పిన్ను పెట్టి, అన్నీ ఒకే సంచిలో ఉంచండి. సంచి నిండితే కొత్తవి కొనడం ఆపండి.

చీరల విషయం వేరు. హ్యాంగర్లన్నీ వెనక్కి తిప్పి తగిలించి, కట్టినవాటివి మాత్రం మామూలుగా పెడుతూ, ఆరు నెలల్లో కట్టనివి తీసెయ్యమనే సలహా మన బీరువాకు సరిపోదు. పట్టుచీర ఏడాదికి ఒకసారే కడతాం. కట్టి ఉతికినవి ఎడమవైపు దొంతరలో పెడుతూ పోండి. ఉగాది నుంచి ఉగాది దాకా కుడివైపే మిగిలినవి చూడండి. అందులో చాలావాటికి చీర బాగానే ఉంటుంది, జాకెట్టే పట్టదు. జాకెట్టు లోపలి కుట్లలో గుడ్డ వదిలి ఉంటే, ఆ కుట్టు విప్పించి వదులు చేయిస్తే చీర మళ్లీ కట్టుబడిలోకి వస్తుంది. చీర, జాకెట్టు, లంగా ఒకే సంచిలో పెట్టండి, జత వెతకలేక పక్కన పడేసే చీరలు తగ్గుతాయి.

పట్టుచీరను ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, లోపల తేమ నిలిచి జరీ నల్లబడుతుంది. పల్చటి నూలు గుడ్డలో చుట్టండి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే మడత పడ్డచోట పట్టు చిట్లుతుంది. నూలు చీరలు దాచేముందు గంజి పెట్టొద్దు, గంజికి సిల్వర్ ఫిష్ వస్తుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వద్దు. పసిపిల్లల బట్టల్లో అసలే వద్దు. జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డకు వాటివల్ల ఎర్రకణాలు చిట్లి కామెర్లు రావచ్చు. ఎండబెట్టిన వేపాకు గుడ్డలో మూట కట్టి పెడితే చాలు.

ఇత్తడిని "వాడట్లేదు కదా" అని తూకానికి వెయ్యడం నాకు బాధ కలిగిస్తుంది. బిందె నీళ్లకు పనికొస్తుంది. వంటకు కళాయి వేయించాలి, లేకపోతే పులుపు ఇత్తడితో కలుస్తుంది. అటక మీద పెట్టేముందు చింతపండుతో తోమి, ఆ పులుపు పోయేదాకా కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. పులుపు, తడి మిగిలితే పచ్చటి చిలుము పడుతుంది. కానీ ఒక మాట: అన్నీ ఉంచమని కాదు. పగిలి కారే బిందె, చేయి ఊడిన చెంబు తూకానికే.

కాగితాలపెట్టె
కాగితాలకు రోజుకు పావుగంట పద్ధతి ప్రమాదం. తొందరలో చించిన కాగితం తిరిగి రాదు. ఒకే పూట, మూడు గంటలు, పెద్ద బల్ల, పక్కన చెత్తబుట్ట ఉండకూడదు. చించేవి మర్నాడు ఇంకోసారి చూశాకే చించండి.

ఎప్పటికీ ఉంచాల్సినవి: ఇంటి రిజిస్ట్రేషన్ దస్తావేజు, దాని లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకం, ప్లాను అనుమతి, బ్యాంకు అప్పు తీరాక ఇచ్చిన పత్రం, పదో తరగతి మెమో, జనన మరణ ధ్రువపత్రాలు. రద్దయిన పాస్‌పోర్టులో ఇంకా చెల్లే వీసా ఉంటే అదీ. సర్టిఫికెట్లకు లామినేషన్ చేయించొద్దు. విదేశాలకు వెళ్లే పిల్లలకు అటెస్టేషన్ ముద్ర వెయ్యాలంటే కాగితం వెనుకభాగం కావాలి.

పన్ను కాగితాలు, ఫారం 16 లాంటివి ఆరేడేళ్లు ఉంచితే నిశ్చింత. ఇల్లు, స్థలం, బంగారం కొన్న బిల్లులు మాత్రం ఆ వస్తువు అమ్మి, లాభం మీద పన్ను లెక్క తేలేదాకా. కరెంటు బిల్లులు ఏడాదివి చాలు. ఫ్రిజ్, వాషింగ్ మిషను బిల్లు నున్నటి థర్మల్ కాగితం మీద ఇస్తే కొన్నరోజే జెరాక్స్ తీయించండి. వారంటీ లోపే అక్షరాలు చెరిగిపోతాయి.

డిజిలాకర్‌లో ప్రభుత్వ శాఖ జారీ చేసిన లైసెన్సు, ఆర్సీ అసలుతో సమానం. మీరు ఫొటో తీసి ఎక్కించుకున్న కాపీకి ఆ విలువ లేదు. ఆ ఫొటో ఉందని అసలు పారేసుకోవద్దు.

తూకంరాళ్లు
ఏ పద్ధతైనా "ఇచ్చేసేవి" సంచి గుమ్మం దగ్గర నెలల తరబడి ఉండిపోవడంతో చెడుతుంది. ఆ సంచి మీద వెళ్లాల్సిన తేదీ రాయండి, వారం దాటకూడదు.

తూకానికి వేసేటప్పుడు రాగి తీగ, అల్యూమినియం, ఇనుము, పేపర్లు, గట్టి ప్లాస్టిక్ విడివిడిగా కట్టండి. కలిపి ఇస్తే అన్నిటికీ తక్కువ ధర ఉన్నదాని లెక్కే కడతారు. పాలియెస్టర్ పాత చీరలతో బొంత కుట్టించొద్దు, చెమట పీల్చదు. నూలువే పనికొస్తాయి.

మందులు: గడువు దాటిన మాత్రలను స్ట్రిప్పులోంచి తీసి, వాడేసిన టీపొడిలో కలిపి మూత డబ్బాలో వెయ్యండి. స్ట్రిప్పు ఎప్పుడూ తేదీ ఉన్న కొనను వదిలి రెండోవైపు నుంచి వాడండి. నీళ్లు కలిపిన యాంటీబయాటిక్ సిరప్ చాలావరకు వారమే పనిచేస్తుంది. కంటి చుక్కలు మూత తీశాక నెల. ఘనవ్యర్థాల నిబంధనల ప్రకారం గడువు దాటిన మందులు, ట్యూబులైట్లు, బ్యాటరీలు, సూదులు తడి పొడి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. సూదులు గట్టి డబ్బాలో.

పాత ఫోన్లు, పవర్ బ్యాంకులు అటక మీద దాచేవాళ్లున్నారు. పై అంతస్తులో స్లాబు కింద ఎండాకాలం వేడికి లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది. ఉబ్బినదాన్ని గుచ్చొద్దు, నొక్కొద్దు, ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి ఈ-చెత్త సేకరించేవాళ్లకు ఇవ్వండి. ఇచ్చే ముందు ఫోన్లో సమాచారం చెరిపి, సిమ్, మెమరీ కార్డు తీసేయండి.

భోగిమంటలో రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, రెగ్జిను, టైర్లు వెయ్యకండి. ఆ పొగ ముందు మంట చుట్టూ నిలబడిన పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది.

అటకనిచ్చెన
తేలని వస్తువులకు నా పద్ధతి: ఒకే ఒక్క పెట్టె, టేపు వేసి తేదీ రాసి ఆరునెలలు. తెరవాల్సిన అవసరం రాకపోతే అలాగే బయటికి. అత్తగారి సామానైనా ఇలాగే.

గోదారిగట్టు
మొదటి మాట ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోను. ఇంకొకరి వస్తువు వాళ్లను అడగకుండా పెట్టెలో వేసి టేపు వెయ్యడం కూడా తీసెయ్యడమే. పెద్దావిణ్ని పక్కన కూర్చోబెట్టి, ఒక్కో వస్తువూ చేతికిచ్చి, "ఇది ఎవరికి ఇద్దామత్తయ్యా?" అని అడగండి. "ఉంచాలా, తియ్యాలా" అంటే ఎప్పుడూ ఉంచమనే అంటారు. ఎవరికి అన్నారంటే కూతురి పేరో మనవరాలి పేరో వస్తుంది. ఆ పేరు కాగితం మీద రాసి వస్తువుకు కట్టండి, వాళ్లు పండక్కి వచ్చినప్పుడు సంచిలో పెట్టి పంపండి.

నడవా
ఇది బాగుంది. అయినా నా మాట మీదే ఉన్నాను: అటకకు శనివారాలు ఇవ్వండి, కానీ భోజనాల బల్ల, చెప్పుల స్టాండు, ఫ్రిజ్ పైభాగం, గుమ్మం పక్క బల్ల, ఈ నాలుగింటికీ రోజూ పావుగంట తప్పదు. అటక ఖాళీ అయిన ఇంట్లో కూడా ఈ నాలుగూ మూడు రోజుల్లో నిండుతాయి.

తూర్పుగుమ్మం
పండక్కి మూడు శనివారాలున్నాయి. మొదటిది మూతలు, స్టీలు. రెండోది కాగితాలు. మూడోది ఒక అటకలో రెండు గోతాలు, అత్తయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకుని. రెండో అటక పండగయ్యాకే.