పాత శుభలేఖల ఫైళ్లు ఎక్స్‌టర్నల్‌కి మార్చి సి డ్రైవ్ ఖాళీ చేయొచ్చా?

అరండల్‌పేట డీటీపీ:
గుంటూరు అరండల్‌పేటలో చిన్న డీటీపీ షాపు మాది. సిస్టమ్‌లో 256 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్‌లో 238గా కనిపిస్తుంది. మిగిలింది 5 జీబీ. సి డ్రైవ్ గీత ఎర్రబడి నెలైంది. నిన్న ఫ్లెక్సీ డిజైన్ చేస్తుంటే స్క్రాచ్ డిస్క్ (పని మధ్యలో తాత్కాలికంగా వాడుకునే డిస్క్ చోటు) నిండిందని ఫొటోషాప్ ఆగిపోయింది. పార్టీ ఎదురుగానే కూర్చున్నారు, టెన్షన్‌తో చేతులు ఆడలేదు. పన్నెండేళ్ల శుభలేఖలు, ఆల్బమ్ డిజైన్లు, కరపత్రాలు 90 జీబీ దాకా ఉన్నాయి. అన్నిటినీ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి మార్చి ఇక్కడ తీసేయమని మా బావమరిది పట్టుబడుతున్నాడు. మీరేమంటారు?

బెంజి సర్కిల్:
మీ బావమరిది చెప్పిందే కరెక్టండీ. పనిచేసే సిస్టమ్‌ని గోడౌన్ చేసుకుంటే ఇలాగే అవుతుంది. 2013లో పెళ్లయినవాళ్లు మళ్లీ వచ్చి ఆ శుభలేఖ అడుగుతారా? కట్ చేసి అందులో పేస్ట్ చేయండి, సాయంత్రానికల్లా పనైపోతుంది.

సింగ్ నగర్:
దయచేసి ఆ ‘కట్’ నొక్కకండి. మాది విజయవాడ సింగ్ నగర్. 2024 ఆగస్టులో నేనూ ఇదే చేశాను. లాప్‌టాప్‌లో చోటు లేదని ఇంట్లో ఫొటోలు, వీడియోలు అన్నీ ఎక్స్‌టర్నల్‌కి మార్చాను. రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేశాను. సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు నీళ్లు వీధిలోకి వచ్చేశాయి. లాప్‌టాప్ సంచి భుజానేసుకుని మేడెక్కాం. హార్డ్‌డిస్క్ టీవీ స్టాండ్ కింది అరలో ఉండిపోయింది.

నీళ్లు తీశాక కేబుల్ పెట్టే రంధ్రంలో పిన్నీసుతో గీకితే నల్లటి బురద వచ్చింది. రిపేరు షాపులో తగిలించి చూసి పనికిరాదన్నారు. పోయిన మా నాన్న మాట్లాడిన వీడియోలు అందులోనే ఉన్నాయి. తెనాలిలో మా చెల్లి ఫోన్‌కి పంపినవి రెండే మిగిలాయి. లాప్‌టాప్ మాత్రం బాగానే ఉంది, 140 జీబీ ఖాళీతో.

బెంజి సర్కిల్:
చదివి మనసు కలుక్కుమందండీ. అయినా నా మాట మార్చుకోను. నాన్నగారి వీడియో, ఎవరిదో పాత కరపత్రం ఒకటి కావు. ఏది దాచాలో తేల్చుకోకుండా అన్నిటికీ రెండు కాపీలంటే చిన్న షాపు మోయలేదు.

ఇంకో సంగతి. డీటీపీ షాపుల డౌన్‌లోడ్స్‌లో జనం ప్రింట్ కోసం వాట్సాప్‌లో పంపిన ఆధార్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు కుప్పలుగా పడుంటాయి. వాటిని ఎక్స్‌టర్నల్‌కి మార్చడం కూడా తప్పే. ప్రింట్ ఇచ్చిన రోజే తీసేయాలి.

బ్రాడీపేట:
ఆధార్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఆ 90 జీబీ జోలికి పోయేముందు ఒకటి చెప్పన్నా, కరెంటు పోతే మీ యూపీఎస్ ఎంతసేపు ఆగుతుంది?

ఎందుకడుగుతున్నానంటే, ఫొటోషాప్ నడుస్తున్నంతసేపూ టెంప్ ఫోల్డర్‌లో పెద్ద ఫైలు రాసుకుంటుంది. మామూలుగా మూస్తే తనే తీసేస్తుంది. సిస్టమ్ ఉన్నపళంగా ఆగిపోతే ఆ ఫైలు అలాగే ఉండిపోతుంది. ఒక్కోటి కొన్ని జీబీలు ఉంటుంది. ఫొటోషాప్ మూసేసి, రన్‌లో (విండోస్ కీ, R కలిపి నొక్కితే వచ్చే పెట్టె) పర్సంట్ గుర్తుల మధ్య టెంప్ అని, అంటే %temp% అని కొట్టండి. ఫొటోషాప్ టెంప్ పేరుతో ఉన్నవన్నీ తీసేయండి.

హైబర్నేషన్ (తెరిచిన పనిని డిస్క్‌లో దాచి సిస్టమ్ ఆపే సదుపాయం) కూడా ఆపేయొచ్చు. దాని ఫైలు మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, 16 జీబీ ర్యామ్ ఉంటే 6 జీబీ పైమాటే. దాంతోపాటు సిస్టమ్‌ని త్వరగా ఆన్ చేసే ఫాస్ట్ స్టార్టప్ పోతుంది కానీ ఎస్ఎస్‌డీ మీద తేడా పెద్దగా తెలియదు. విండోస్ తన సొంత ఫైళ్లు దాచుకునే విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ (WinSxS) ఫోల్డర్ ఎంత పెద్దగా కనిపించినా చేత్తో తీయొద్దు, విండోస్ దెబ్బతింటుంది. పాత ఫైళ్లను విండోస్ తనంతట తానే తీసేసే స్టోరేజ్ సెన్స్‌ సెట్టింగ్‌లో డౌన్‌లోడ్స్ ‘నెవర్’ మీదే ఉంచండి. నేను 30 రోజులు పెట్టుకుని, పార్టీ ఫైనల్ చేయాల్సిన ప్రూఫ్ పోగొట్టుకున్నాను.

అరండల్‌పేట డీటీపీ:
అందరికీ థాంక్సండీ. మా యూపీఎస్ బ్యాటరీ పోయి ఏడాదైంది. టెంప్‌లో ఫొటోషాప్ ఫైళ్లు పదకొండు దొరికాయి, మొత్తం 31 జీబీ! ఒకదాని తేదీ చూస్తే, మే నెలలో గాలివానకి ట్రాన్స్‌ఫార్మర్ పేలిన సాయంత్రం. హైబర్నేషన్ కూడా ఆపాను. ఇప్పుడు 42 జీబీ ఖాళీ ఉంది. ఆధార్ కాపీలన్నీ తీసేశాను. డిజైన్లు ప్రస్తుతానికి కదపను. మార్చాల్సివస్తే రెండు హార్డ్‌డిస్కుల్లో కాపీ చేసి, కొన్ని తెరిచి చూసుకున్నాకే ఇక్కడ తీస్తాను. ఒకటి నరసరావుపేటలో బావమరిది ఇంట్లో ఉంటుంది. ముందు యూపీఎస్ బ్యాటరీ మార్పించాలి.

బ్రాడీపేట:
సింగ్ నగర్ గారూ, ఆ హార్డ్‌డిస్క్ పారేశారా? ఉంటే మాత్రం ఇంకెక్కడా కేబుల్ తగిలించనివ్వకండి. లోపలి ప్లేట్లు దెబ్బతినకపోతే, క్లీన్‌రూమ్ (దుమ్ము చేరని గది) ఉన్న డేటా రికవరీ ల్యాబ్‌లో తీసే అవకాశం ఉంటుంది. ఖర్చు ఎక్కువే, గ్యారంటీ ఉండదు.

సింగ్ నగర్:
పారేయలేదండీ. గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. రేపే కనుక్కుంటాను.