సమస్యాపూరణం: "వినిన కొలది పాట వినని దాయె"

నిర్వాహకుడు:
ఈ వారం విషయం, ఎన్నిసార్లు విన్నా విసుగు రాని పాట. సమస్య ఇది:

వినిన కొలది పాట వినని దాయె

ఇది ఆటవెలది పద్యానికి చివరి పాదం; ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. గణాలు (గురులఘువుల గుంపులు) ఇలా ఉండాలి: బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కలవడం, నాలుగో గణం మొదటి అక్షరానికి. దానికి బదులు ప్రాసయతి (ఆ రెండుచోట్లా రెండో అక్షరాలు కలవడం) వాడుకోవచ్చు. షరతు ఒక్కటే: పాట పేరు గానీ, పాడినవారి పేరు గానీ పద్యంలో రాకూడదు. పేరు చెప్పగానే అభిమానులు చప్పట్లు కొట్టేస్తారు, పద్యానికి ఇక పనేమీ మిగలదు. విసుగు ఎందుకు రాదో చెప్పండి.

గళ్ళచొక్కా:
మేలుకొలుపు చేసి మెచ్చిన పాటనే
ఫోనులోన బెట్టి పొద్దు పొడువ
మ్రోగ విసుగు పుట్టి ముసుగు దన్నితి మళ్ళి
వినిన కొలది పాట వినని దాయె

నిర్వాహకుడు:
విసుగు రాని పాట అడిగితే విసుగు పుట్టిన పాటతో బోణీ చేశారు! గణాలు, యతులు సరిపోయాయి. ఫో–పొ మైత్రి (వేరు హల్లులైనా యతికి జత కుదరడం) కూడా చెల్లుతుంది. "ముసుగు దన్నితి" దగ్గర నవ్వాగలేదు. మనం ఇష్టపడే పాటను అలారంగా పెట్టుకోవడం ఆ పాటకు చేసే ద్రోహం అని నా అభిప్రాయం.

పాతరేడియో:
ఇందులో శాస్త్రం కూడా ఉంది. డేనియల్ బెర్లైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1970 ప్రాంతంలో దీన్ని పరీక్షించాడు. సరళమైనవి మళ్ళీ మళ్ళీ ఎదురైతే ఇష్టం తగ్గుతుంది. కాస్త చిక్కుగా ఉన్నవి పరిచయం పెరిగేకొద్దీ ఎక్కువ నచ్చుతాయి. మొదటిసారే మొత్తం అర్థమైపోయిన పాట త్వరగా పాతబడటానికి కారణం అదే కావచ్చు.

విరామచిహ్నం:
మొదట పదము దోచె, మురిపించె పిమ్మట
రాగ, మటుల లయయు రక్తి గూర్చె,
నేడు నడుమ నున్న నిశ్శబ్దమే విందు
వినిన కొలది పాట వినని దాయె

నిర్వాహకుడు:
నేను ఎదురుచూసిన పూరణ ఇదే. సమస్యలోని విరోధాన్ని మాటల గారడీతో దాటవేయకుండా, అనుభవంతో విప్పారు. మొదట సాహిత్యం, ఆపైన రాగం, ఆపైన లయ. చివరికి రెండు స్వరాల మధ్య ఖాళీ. నిజంగా మనం ఒక పాటకు దగ్గరయ్యే వరుస ఇదే. ముందు పదాలు పట్టుకుంటాం, అవి నోటికి వచ్చేశాక చెవికి తీరిక దొరుకుతుంది, అప్పుడు వెనక మోగుతున్న వాద్యం వినబడుతుంది. గాయకుడు ఊపిరి తీసుకున్న చోటు కూడా వినబడుతుంది. ప్రతిసారీ వినవలసింది ఇంకొకటి మిగిలే ఉంటుంది కనుక పాట "విననిది" అయింది.

"విందు" రెండు విధాలా పలికింది: నిశ్శబ్దాన్నే వింటాను, నిశ్శబ్దమే నాకు విందు. కావాలని వేసినా, దానంతట అది పడినా పద్యానికి లాభమే.

ఒక్క "అటుల" మాత్రం పాదం నింపడానికి వచ్చి కూర్చుంది. అది వరుసను చెరుపుతోంది కూడా: రాగమూ లయా ఒకేసారి నచ్చాయన్నట్టు వినబడుతుంది.

విరామచిహ్నం:
"రాగ మంత లయయు" అందామనుకున్నాను గానీ "రాగమంతా" అని చదువుతారేమోనని మానేశాను.

నిర్వాహకుడు:
"రాగ, మవల లయయు రక్తి గూర్చె" అనండి. వరుస నిలుస్తుంది, గణానికి గణం సరిపోతుంది.

లఘువు:
చెవులలోన జొనిపి చిరుయంత్రములు రెండు
పెంచి పెంచి రవము పెద్దగాను
మొద్దుబారె చెవులు, మురళియు మూగయే
వినిన కొలది పాట వినని దాయె

నిర్వాహకుడు:
హెచ్చరిక బాగుంది. మూడో పాదం చక్కగా నడిచింది. రెండో పాదంలో "పెంచి" అన్నాక "పెద్దగాను" అనవసరం. విషయానికి కొంచెం దూరం జరిగారు, అయినా ఉండనిద్దాం.

పాతరేడియో:
ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ వినదగిన సమయం సగమవుతుంది. నచ్చిన పాట దగ్గరే మనం శబ్దం పెంచుతాం, చిక్కంతా అక్కడే ఉంది.

కొత్తచేయి:
పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పగలరు.

నిద్రలోన కూడ నిలువదే పల్లవి
తలను వీడననుచు తిరుగుచుండు
చరణ మేదొ మరచి సతమతమైతిని
వినిన కొలది పాట వినని దాయె

నిర్వాహకుడు:
స్వాగతం. మొదటి పద్యానికే గణాలు తప్పకపోవడం చిన్న విషయం కాదు. రెండో పాదంలో యతి తప్పింది: "త"కు "తి" చెల్లదు. హల్లు కలిస్తే చాలదు, అచ్చులూ కలవాలి. అ ఆ ఐ ఔ ఒక జట్టు. ఇ ఈ ఎ ఏ ఋ మరొకటి. ఉ ఊ ఒ ఓ ఇంకొకటి. "తలను వీడననుచు తాండవించు" అంటే యతి కుదురుతుంది, భావమూ కాస్త ఊపందుకుంటుంది. మూడో పాదంలో చ–స మైత్రి తెలిసే వేశారా? బాగుంది.

పల్లవి మాత్రమే తలలో గిరగిర తిరగడం అందరికీ తెలిసిన బాధే. చరణం గుర్తులేక పాట పూర్తి కాదు, పూర్తి కాక వదలదు. ఆ పాటను చివరిదాకా ఒకసారి వినేయండి, చాలామందికి అది పనిచేస్తుంది.

ఆరోహణ:
నేను చివరి పాదంలో పదాల విరుపు మార్చాను.

ఏది యిష్ట మన్న నెన్నెన్నొ చెప్పితి
మారు మారు వినగ మనసు నిలిచి
యొకటె మిగిలె నాకు నూపిరి వోలెను
వినిన కొలది పాట విన నిదాయె

లఘువు:
"ఇది + ఆయె" ఇదాయె అవుతుందా? "ఇదియాయె" అనాలి కదా?

నిర్వాహకుడు:
రెండూ చెల్లుతాయి. "ఇది" ఏమ్యాదులలో (వ్యాకరణం చెప్పిన "ఏమి" మొదలైన మాటల జాబితాలో) ఉంది; వాటి చివరి ఇకారానికి సంధి వైకల్పికం, అంటే చేసినా మానినా సరే. విరుపు చతురంగా ఉంది, "వినదగిన పాట చివరికి ఇదే అయింది" అని కొత్త అర్థం వచ్చింది. "ఊపిరి వోలెను" మాత్రం అరిగిపోయిన ఉపమానం. ఇష్టమైనదేదైనా ఊపిరే అయితే ఊపిరికి విలువేమిటి?

తంబుర:
వచ్చు చోటు తెలిసి వలచి వేచెద నేను
నిక్కి నిక్కి వినుచు నిలుచు చెవులు
వచ్చినంత నదియె వచ్చెనా యనిపించు
వినిన కొలది పాట వినని దాయె

ఆరోహణ:
ఏమి వచ్చే చోటో చెప్పలేదు. "మలుపు చోటు తెలిసి మనసు వేచును ముందె" అంటే స్పష్టంగా ఉంటుంది.

తంబుర:
యతి కుదిరింది గానీ, వచ్చు–వచ్చినంత–వచ్చెనా అన్న వరుస పోతుంది. నాకది ముఖ్యం. ఒకరికి అది మలుపు, ఇంకొకరికి ఒక గమకం. చెప్పకుండానే ఉంచుతాను.

నిర్వాహకుడు:
తంబుర గారి పక్షమే నాది. తెలిసిన పాటలో కొత్తదనం ఎక్కడిది అన్న ప్రశ్నకు విరామచిహ్నం గారు "ఇంకా వినని భాగం ఉంది" అన్నారు. ఈ పద్యం అంతకంటే చిత్రమైన మాట చెప్పింది: వినని భాగం ఏదీ లేకపోయినా, రాబోయేది అక్షరం అక్షరం తెలిసినా, వచ్చిన క్షణం కొత్తగానే ఉంటుంది.

పాతరేడియో:
2011లో వెలువడిన ఒక పరిశోధన ఇదే చూపింది. పాల్గొన్నవారు తమకు బాగా నచ్చిన సంగీతాన్నే ఎంచుకున్నారు. ఒళ్ళు పులకరించే ఘట్టంలో మెదడులో ఒకచోట డోపమైన్ అనే, ఆనందంతో ముడిపడిన రసాయనం విడుదలైంది. దానికి కాస్త ముందు, ఎదురుచూపులో ఉండగా, వేరొకచోట. తెలియని పాట కోసం అలా ఎదురుచూడలేం. "నిక్కి నిక్కి" అన్నది సరిగ్గా ఆ ముందు క్షణమే.

గళ్ళచొక్కా:
నా చెవులూ నిక్కుతాయి, అలారం మోగేముందు. భయంతో.

నిర్వాహకుడు:
ఈ వారం మొదటి స్థానం తంబుర గారిది, సవరించిన రెండో పాదంతో విరామచిహ్నం గారిది రెండోది. కొత్తచేయి గారు యతి సరిచేసి పద్యాన్ని మళ్ళీ ఉంచాలి. వచ్చే వారానికి తేటగీతి పాదం:

మాట లేని పాటయె చాల మాటలాడె