ఇంగ్లిష్‌లో పొడవైన పదాలకు ప్రైమరీ స్ట్రెస్ చెవితో పట్టడం ఎలా?

నమస్తే అండీ. తిరుపతిలో ఇంటర్ రెండో ఏడాది చదువుతున్నా. డిగ్రీలో లింగ్విస్టిక్స్ వైపు వెళ్లాలని ఫొనెటిక్స్ (ఉచ్చారణ ధ్వనుల శాస్త్రం) సొంతంగా నేర్చుకుంటున్నా.

రెండు సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు) ఉన్న పదాలతో ఇబ్బంది లేదు. 'రికార్డ్' నామవాచకమైతే మొదటి సిలబుల్ మీద, క్రియైతే రెండో దాని మీద స్ట్రెస్ (ఊనిక) పడటం స్పష్టంగా వినిపిస్తుంది. చిక్కంతా 'ఆటోమాటిక్' లాంటి వాటితోనే. డిక్షనరీలో ప్రైమరీ స్ట్రెస్, అంటే పదంలో అన్నిటికన్నా బలమైన ఊనిక, 'మా' మీద, అంతకన్నా తక్కువదైన సెకండరీ మొదటి 'ఆ' మీద ఉంది. నాకేమో ఆ 'ఆ'నే గట్టిగా వినిపిస్తోంది. 'ఆర్టిస్టిక్'లోనూ అంతే, స్ట్రెస్ రెండో సిలబుల్‌ది, నా చెవి మొదటి దాని మీదే ఆగుతుంది. తెలుగులో హ్రస్వం, దీర్ఘం తేడాకు అలవాటైన చెవి కదా, దీర్ఘాన్నే స్ట్రెస్ అనుకుంటోందేమోనని నా అనుమానం.

'-ఇక్', '-షన్' ముందు సిలబుల్‌కే స్ట్రెస్ అనే రూల్ తెలుసు. దాంతో రాతలో మార్కులొస్తాయి, వినికిడి మాత్రం మారలేదు. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ ఆన్‌లైన్ డిక్షనరీల బ్రిటిష్ ఆడియో ఇయర్‌ఫోన్స్‌తో విన్నా. స్పీడ్ సగానికి తగ్గిస్తే అన్ని సిలబుల్సూ సాగి ఇంకా గందరగోళం. ధ్వనిని విశ్లేషించే ప్రాట్ సాఫ్ట్‌వేర్‌లో నీలం రంగు పిచ్ (స్వరం ఎత్తు) గీత 'మా' దగ్గర నుంచి కిందికి దిగడం కనిపిస్తోంది. కంటికి తెలుస్తోంది కానీ చెవికి తెలియట్లేదు! మా సార్‌ని అడిగితే "బట్టీ పట్టెయ్, టెన్షన్ ఎందుకు" అన్నారు.

అచ్చు పొడవును పట్టించుకోకుండా, ఆ పిచ్ దిగడాన్నే చెవి పట్టుకునేలా మీరు ఏ అభ్యాసం చేశారు?