1968 షెవ్రొలే సి10: పాత క్లచ్ లింకేజీ బాగుచేయాలా, హైడ్రాలిక్‌కి మార్చాలా?

డాలస్_సి10:
నా పికప్‌లో 250 (క్యూబిక్ అంగుళాల) ఇంజన్, మూడు గేర్లు. పెడల్ నేలకు ఆనించినా రివర్స్ గేరు గరగరమంటూనే పడుతోంది. క్లచ్‌ని విడదీసే ఫోర్కును తోసే రాడ్డు మర చివరిదాకా వచ్చేసింది, ఇక సర్దడానికి చోటు లేదు. ఇంజనుకీ ఛాసిస్‌కీ మధ్య ఉండి పెడల్ కదలికను ఫోర్కుకి అందించే జెడ్-బార్ ఊపితే లొడలొడలాడుతోంది. ఈ రాడ్ల లింకేజీ అంతా పీకేసి, నూనె ఒత్తిడితో నడిచే హైడ్రాలిక్ క్లచ్ పెట్టమని ఇక్కడి మిత్రులు అంటున్నారు. మీరేమంటారు?

ఆటోనగర్_బిడ్డ:
పీకొద్దు తమ్ముడూ. మా నాన్నకి బెజవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది, లారీల లింకేజీలు చూస్తూ పెరిగాను. అరిగేది ఎక్కువగా కీళ్లే. పిన్ను సన్నబడుతుంది, రంధ్రం కోడిగుడ్డులా సాగుతుంది. ఒక్కో కీలు దగ్గర కాస్త కాస్త పోయినా ఫోర్కు కదలాల్సినంత కదలదు. ఫోర్కు దగ్గర పోయిన 1 మి.మీ. పెడల్ దగ్గరికొచ్చేసరికి చాలా రెట్లవుతుంది. రంధ్రాలు రీమ్ చేయించి (గుండ్రంగా సాఫు చేయించి) గన్‌మెటల్ బుష్‌లు కొట్టించు, పిన్నులు కొత్తవి వెయ్యి. జెడ్-బార్ చివర్ల బాల్ స్టడ్లు (గుండ్రటి తల బోల్టులు), అవి కూర్చునే నైలాన్ సీట్లు మార్చు. వెల్డింగ్ పగిలిందేమో వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి చూడు. ఆఖర్న పెడల్ దగ్గర 25 మి.మీ. దాకా ఫ్రీ ప్లే (క్లచ్ పని మొదలయ్యే ముందు పెడల్ ఖాళీగా కదిలే దూరం) ఉంచు. అది లేకపోతే ఫోర్కు తోసే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ తిరుగుతూ కాలిపోతుంది.

హ్యూస్టన్_మెకానిక్:
నేను ఒప్పుకోను అన్నా. నా 1970 బండికి జనరల్ మోటార్స్ వారి కొత్త తరం ఎల్ఎస్ ఇంజన్ వేశాను, ఆ బ్లాకుకి జెడ్-బార్ స్టడ్ బిగించే చోటే లేదు. హైడ్రాలిక్ అయితే క్లచ్ ప్లేటు అరిగే కొద్దీ తనే సర్దుకుంటుంది, ఇంజన్ ఊగినా పైపుకి బాధ లేదు. జనరల్ మోటార్స్ కూడా 1980లలో ఈ పికప్‌లను హైడ్రాలిక్‌కే మార్చింది కదా!

ఆటోనగర్_బిడ్డ:
నీ ఇంజనుకి అదే సరైనది. తమ్ముడిది పాత ఇంజనే. ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య ఉండే ఫైర్‌వాల్ పల్చటి రేకు. వెనక గట్టి ప్లేటు వేయకుండా పెడల్ తొక్కితే నూనెను తోసే మాస్టర్ సిలిండర్ బిగిస్తే తొక్కినప్పుడల్లా వంగుతుంది, కొన్నాళ్లకి చీలుతుంది. ఆ నూనె ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపల ఉండే రకమైతే, అది కారితే గేర్‌బాక్స్ దించాల్సిందే. ఇక ఇంజన్ ఊగుతోందంటే తప్పు మౌంట్లది, అంటే ఇంజన్‌ని ఛాసిస్‌కి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలది. మౌంట్లు విడిపోతున్నాయనే 1971లో జనరల్ మోటార్స్ సుమారు 67 లక్షల షెవ్రొలే బళ్లను వెనక్కి పిలిచింది. మౌంట్ తెగితే ఇంజన్ లేచి జెడ్-బార్ జారిపోతుంది. తమ్ముడూ, బుష్‌ల కంటే ముందు అవి చూడు.

హ్యూస్టన్_మెకానిక్:
మౌంట్ల సంగతి నిజం. కానీ స్లేవ్ బయట పెడితే గేర్‌బాక్స్ దించే పని లేదు. మాస్టర్ బోరు మాత్రం పెద్దది వేయకూడదు, పెడల్ బరువెక్కుతుంది. రోజూ ట్రాఫిక్‌లో తిరిగే బండికి నేనైతే ఇప్పటికీ హైడ్రాలిక్కే అంటాను.

డాలస్_సి10:
నాది ఆదివారాలు తీసే బండి. ఇప్పుడే చూశాను, ఎడమ మౌంట్ రబ్బరు సగం చీలిపోయింది! మౌంట్లు రెండూ ఆర్డర్ పెట్టాను, తర్వాత బుష్‌లు. అన్నా, పిన్నుకీ బుష్‌కీ మధ్య ఎంత సందు ఉంచమంటారు?

ఆటోనగర్_బిడ్డ:
చేత్తో తోస్తే పిన్ను నున్నగా దూరాలి, ఊపితే ఊగకూడదు. బుష్ లోపల గ్రీజు గాడి కూడా వేయమని లేత్ అతనికి చెప్పు.