నాన్నగారి పేరునే ఉన్న హనుమకొండ ఇల్లు: ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేటప్పుడు స్టాంప్ డ్యూటీ లెక్కలోకి వస్తుందా?

ప్రశ్న (రెడింగ్ నుంచి)

అందరికీ నమస్కారం. నేనూ నా భార్యా కలిసి రెడింగ్‌లో 3,40,000 పౌండ్లకు ఒక ఇల్లు కొనబోతున్నాము. మార్టగేజ్ మంజూరైంది. కొనుగోలు కాగితాలు చూసే లాయరు, అంటే సొలిసిటర్, ఆఫీసు పంపిన ఫారంలో మీకు గాని, మీ భార్యకు గాని ప్రపంచంలో ఎక్కడైనా ఇల్లు లేదా ఇంటిలో వాటా ఉందా అని ఒక ప్రశ్న ఉంది. నేను అక్కడే ఆగిపోయాను.

మా నాన్నగారు ఏడాదిన్నర క్రితం కాలం చేశారు. ఆయన ఉద్యోగంలో ఉండగా స్థలం కొని కట్టించుకున్న ఇల్లు హనుమకొండలో ఉంది, అమ్మ అందులోనే ఉంటోంది. వీలునామా రాయలేదు. దస్తావేజు, ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు అన్నీ ఇప్పటికీ నాన్నగారి పేరునే ఉన్నాయి. నాకొక చెల్లెలు, పెళ్లయి బెంగళూరులో ఉంటోంది. చుట్టుపక్కల అమ్మకాలను బట్టి ఇల్లు కోటిన్నర పలుకుతుందని అంటున్నారు. నా భార్యకు పెళ్లప్పుడు మామగారు రాసిచ్చిన 200 గజాల ఖాళీ స్థలం తప్ప మరేమీ లేదు.

ఇక్కడి మిత్రులు కాగితాల్లో నీ పేరే లేనప్పుడు నీకు ఇల్లున్నట్టు ఎలా అవుతుంది, లేదు అని రాసెయ్యి అంటున్నారు. మొదటి ఇల్లు కొనేవారి రాయితీ వస్తుందనుకొని స్టాంప్ డ్యూటీకి 2,000 పౌండ్లే పక్కన పెట్టుకున్నాము. ఏమని రాయాలి?

జవాబు (వరంగల్‌లో సివిల్ న్యాయవాది)

ఇంగ్లండ్ పన్ను సంగతి అక్కడివారు చెబుతారు గాని, మీ మిత్రుల మాటలోని మొదటి సగం మాత్రం మన చట్టం ప్రకారం నిలవదు. హిందువైన పురుషుడు వీలునామా లేకుండా చనిపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం అతని స్వార్జితం మొదటి తరగతి వారసులకు, అంటే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమానంగా చెందుతుంది. ఆ హక్కు ఆయన కన్నుమూసిన క్షణంలోనే సంక్రమిస్తుంది. మున్సిపాలిటీ రికార్డులో పేరు మార్చుకోవడం పన్ను వసూలు కోసమే గాని, దానివల్ల హక్కు రాదు, మార్చుకోనంత మాత్రాన పోదు. కాబట్టి మూడో వంతు ఏడాదిన్నరగా మీదే. మీ నాయనమ్మగారు జీవించి ఉంటే ఆవిడకూ వాటా ఉంటుంది, అప్పుడు మీది నాలుగో వంతు. చాలా కుటుంబాలు ఆవిడను మరచిపోయి ముగ్గురి పేర్లే రాయించుకొని తరువాత ఇబ్బంది పడతాయి.

నాన్నగారు సొంత జీతంతో కట్టించారని రాశారు గనుక స్వార్జితమనే తీసుకొని చెప్పాను. అదే పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి అయితే మీకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది, అప్పుడు అది వారసత్వంగా వచ్చింది అనడం కుదరకపోవచ్చు. మీ సొలిసిటర్ అడిగితే ఈ తేడాను స్పష్టంగా రాసివ్వండి. పాత దస్తావేజు, మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తాజా ఈసీ దగ్గర పెట్టుకుంటే చాలు.

జవాబు (బర్మింగ్‌హామ్‌లో ఇళ్ల కొనుగోళ్లు చూసే సొలిసిటర్)

పైవారు చెప్పినదాన్ని బట్టి ఫారంలో ఉంది అని రాయాల్సిందే. అయితే ఉంది అన్నంత మాత్రాన ఎక్కువ పన్ను పడుతుందని కాదు. ఇక్కడ రెండు వేర్వేరు పరీక్షలున్నాయి, జనం వాటిని ఒకటిగా కలిపేసి భయపడుతుంటారు.

మొదటిది మొదటి ఇల్లు కొనేవారి రాయితీ. ప్రపంచంలో ఎక్కడైనా సరే, కొనడం వల్ల గాని, బహుమతిగా గాని, వారసత్వంగా గాని ఇంటిలో హక్కు ఒక్కసారి వచ్చిన వ్యక్తికి ఈ రాయితీ లేదు. ఇద్దరు కలిసి కొంటే ఇద్దరూ అర్హులై ఉండాలి. రేపు మీరు ఆ వాటాను అమ్మగారికి వదిలేసినా పోయిన అర్హత తిరిగి రాదు. కాబట్టి 2,000 లెక్కను మరచిపోండి. మామూలు రేట్ల ప్రకారం 1,25,000 వరకు ఏమీ లేదు, అక్కడి నుంచి 2,50,000 వరకు 2 శాతం, పైనున్న 90,000కు 5 శాతం. మొత్తం 7,000 పౌండ్లు అవుతుంది.

రెండోది అదనపు ఇంటి సర్‌చార్జి. 2024 అక్టోబరు 31 నుంచి ఇది మొత్తం ధర మీద 5 శాతం, అంటే మీకు మరో 17,000. ఇది పడితే మొత్తం 24,000 అవుతుంది. కలిసి జీవిస్తున్న భార్యాభర్తలను దీనికి ఒకే యూనిట్‌గా చూస్తారు, 40,000 పౌండ్లు అంతకు మించి విలువ చేసే వాటా వేరే ఇంటిలో ఉంటే పడుతుంది. కోటిన్నరలో మూడో వంతు యాభై లక్షలు గనుక మీరు సరిగ్గా ఆ గీత దగ్గర ఉన్నారు, మారకం రేటు కాస్త కదిలితే అటో ఇటో పడతారు. ఇక్కడ చూసేది అసలు మార్కెట్ ధర, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులోని ప్రభుత్వ విలువ కాదు. అది చూపించి తక్కువని వాదించడం సాగదు.

అదృష్టవశాత్తు మీకు ఆ వాదనతో పనిలేదు. వారసత్వంగా వచ్చిన వాటా, కొనుగోలుకు ముందు మూడేళ్లలోపు వచ్చినదై, భార్యాభర్తలిద్దరిదీ కలిపి సగానికి మించకపోతే దాన్ని ఈ సర్‌చార్జికి లెక్కలోకి తీసుకోరు. మీది మూడో వంతు, అందిందీ ఏడాదిన్నర క్రితమే. జాగ్రత్త కోసం మూడేళ్లను మరణ తేదీ నుంచే లెక్కించుకోండి. మీ భార్యగారి ఖాళీ స్థలం నివాస గృహం కాదు గనుక రెండు పరీక్షల్లోనూ దాని ప్రసక్తి రాదు.

స్టాంప్ డ్యూటీ రిటర్నును కంప్లీషన్ (కొనుగోలు పూర్తయి ఇల్లు మీ చేతికి రావడం) అయిన 14 రోజుల్లో సొలిసిటరే దాఖలు చేస్తాడు గాని, అందులోని ప్రకటన మీది, బాధ్యతా మీదే. తెలిసి తప్పు రాస్తే ఇక్కడి పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ 20 ఏళ్ల వరకు వెనక్కి వెళ్లి వసూలు చేయగలదు. ఇదంతా ఇంగ్లండ్‌కు, ఉత్తర ఐర్లండ్‌కు వర్తిస్తుంది, స్కాట్లండ్, వేల్స్ పన్నులు వేరు.

జవాబు (స్లౌ నుంచి, మార్టగేజ్ బ్రోకర్)

ఇల్లు మీ భార్యగారి ఒక్కరి పేరునే కొంటే ఆవిడకు మొదటి ఇంటి రాయితీ రాదా? ఆవిడకు ఎక్కడా ఇల్లు లేదు, మీ వాటాకు మినహాయింపు ఉన్నందున సర్‌చార్జీ పడదు. అప్పుడు 2,000తోనే సరిపోతుంది. ఆవిడ జీతం ఒక్కటే చాలకపోతే, అప్పులో ఇద్దరూ ఉండి హక్కులో ఒకరే ఉండే జాయింట్ బారోవర్ సోల్ ప్రొప్రైటర్ రకం మార్టగేజ్ ఉంది. భార్యాభర్తలకు ఇవ్వడానికి కొన్ని బ్యాంకులు ఒప్పుకోవు, అడిగి చూడాలి.

జవాబు (బర్మింగ్‌హామ్ సొలిసిటర్)

లెక్క సరైనదే గాని ఒక మెలిక ఉంది. కాగితం మీద ఆవిడ పేరు పెట్టి, లోపల మాత్రం ఇద్దరిదీ అనుకుంటే కుదరదు, ఎందుకంటే చూసేది నిజమైన యజమాని ఎవరన్నది. ఇల్లు పూర్తిగా ఆవిడదే కావడానికి మీరు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే ఈ దారి. మీరు అప్పు మొత్తానికి బాధ్యులై ఉంటారు, ఆస్తిలో వాటా ఉండదు. అందుకే బ్యాంకు మిమ్మల్ని వేరే సొలిసిటర్ దగ్గర సలహా తీసుకోమంటుంది. భర్తగా ఆ ఇంట్లో నివసించే హక్కును 1996 నాటి ఫ్యామిలీ లా చట్టం కింద ల్యాండ్ రిజిస్ట్రీలో నోటు చేయించుకోవచ్చు గాని, అది యాజమాన్యం కాదు. 5,000 పౌండ్ల కోసం ఇది సబబా కాదా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాలి. నన్నడిగితే, పాతికేళ్ల అప్పుకు సంతకం పెట్టే మనిషి హక్కులోనూ ఉండటమే మేలంటాను.

ప్రశ్న వేసినవారు

ఇద్దరి పేర్లతోనే కొని 7,000 కట్టేస్తాము. ఇంకొక్క సందేహం. మా చెల్లెలు తనకు ఆ ఇంటిలో వాటా వద్దని, వచ్చే నెల హనుమకొండ వచ్చినప్పుడు హక్కు విడుదల దస్తావేజు నా పేరున రాసిస్తానని అంటోంది. దీనివల్ల ఏమైనా తేడా వస్తుందా?

జవాబు (బర్మింగ్‌హామ్ సొలిసిటర్)

చాలా తేడా వస్తుంది, అడిగి మంచి పని చేశారు. ఆవిడ మూడో వంతు మీకు వస్తే మీది మూడింట రెండు వంతులు, సగం దాటిపోతుంది. అది కంప్లీషన్‌కు ముందు రిజిస్టరయితే మినహాయింపు పోయి, 17,000 పౌండ్ల సర్‌చార్జి మీ మీద పడుతుంది. మీ అమ్మగారి పేరున రాసిస్తే మీ వాటా మూడో వంతుగానే ఉంటుంది గనుక ఇబ్బంది లేదు. మీ పేరునే రాయాలని ఉంటే, రెడింగ్ ఇంటి తాళాలు మీ చేతికి వచ్చేదాకా ఆగమనండి. ఈ సంగతి మీ సొలిసిటర్‌కూ ఈమెయిల్‌లో రాసి పెట్టండి.

జవాబు (వరంగల్ న్యాయవాది)

చెల్లెలుగారు వచ్చే నెలే రాయాలనుకుంటే అమ్మగారి పేరున రాయడమే నాకూ మంచిదనిపిస్తోంది, ఆ ఇంట్లో ఉంటున్నది ఆవిడే గదా. తెల్ల కాగితం మీద సంతకాలు చేసుకుంటే మాత్రం చెల్లదు. స్థిరాస్తిలో హక్కు వదులుకునే దస్తావేజును సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించాలి.