కాక్లియర్ ఇంప్లాంట్ చేయిస్తే అమ్మకు మిగిలిన కాస్త వినికిడి కూడా పోతుందా?

హిందూపురం_బెంగళూరు:
మాది హిందూపురం, ఉద్యోగం వల్ల బెంగళూరులో ఉంటున్నాం. అమ్మకు 61 ఏళ్లు, చాలా కాలంగా చెవి మిషన్ వాడుతోంది, ఇప్పుడు దాంతో పని జరగడం లేదు. ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష గ్రాఫ్‌లో, 500 హెర్ట్జ్ వరకు 50, 55 డెసిబెల్ దగ్గర ఉంది, 1000 దాటాక గీత ఒక్కసారిగా కిందికి పడిపోయింది, 2000 పైన దాదాపు ఏమీ లేదు. భజనలో కూర్చుంటే మద్దెల దరువు తెలుస్తుంది, తాళాలు తెలియవు. నాన్న గొంతు వినిపిస్తుంది కానీ ఏమన్నాడో అర్థం కాదు. మా పాప "అవ్వా, సంచి ఇవ్వు" అంటే దాని ముఖం వంక చూస్తూ ఉండిపోతుంది. డాక్టర్ గారు కుడి చెవికి ఇంప్లాంట్ చేద్దామన్నారు. అమ్మేమో "ఉన్న కాస్తా పోతే నా గతేంటి, నాకొద్దు" అంటోంది. ఆపరేషన్‌లో ఉన్న వినికిడిని కాపాడొచ్చంటారు, అది ఎంతవరకు నిజం? చాలా టెన్షన్‌గా ఉంది.

ఆడియాలజీ_చెన్నై:
అమ్మగారి భయం న్యాయమైనదే, దాన్ని తీసిపారేయకండి. మీరు చెప్పిన ఆడియోగ్రామ్ చూస్తే కాపాడే ప్రయత్నం చేయదగ్గ కేసులాగే ఉంది.

కాక్లియా అంటే లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే భాగం, నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. తాళాల లాంటి సన్నటి శబ్దాలు గుమ్మం దగ్గరే పట్టుకుంటుంది, మద్దెల లాంటి మంద్ర శబ్దాలు పై కొసన. ఇంప్లాంట్‌లో వినికిడి నాడికి కరెంటు అందించే సన్నటి తీగ, అంటే ఎలక్ట్రోడ్, గుమ్మం వైపు నుంచి వెళ్తుంది కాబట్టి లోపలి పొరలు చిరగకుండా పెట్టగలిగితే పై కొస పని చేస్తూనే ఉండొచ్చు. అప్పుడు ఒకే చెవిలో మంద్ర శబ్దాలు చెవి మిషన్ పద్ధతిలో, మిగతావి ఇంప్లాంట్ ద్వారా వినొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫాన్ ఇల్‌బెర్గ్ బృందం 1999లోనే దీన్ని రాసింది, అమెరికాలో ఇలాంటి హైబ్రిడ్ పరికరానికి 2014లో అనుమతి వచ్చింది. రద్దీలో మాట పట్టుకోవడానికి, పాట వినడానికి ఆ మిగిలిన వినికిడి బాగా సాయపడుతుంది.

సర్జన్ చేతిలో ఉన్నవి ఏంటంటే: వీలైతే రౌండ్ విండో అనే సహజమైన పొర గుండానే వెళ్లడం, ఎముక పొడి, రక్తం లోపల పడనివ్వకపోవడం, లోపలి ద్రవాన్ని పీల్చేయకపోవడం, సన్నగా మెత్తగా ఉండే ఎలక్ట్రోడ్‌ను తొందరపడకుండా నెమ్మదిగా జరపడం, వాపు రాకుండా స్టెరాయిడ్ ఇవ్వడం. కొన్ని చోట్ల ఎలక్ట్రోడ్ లోపలికి పోతుండగానే చెవి స్పందనను కొలుస్తారు, అది పడిపోతే ఆగి దిశ సరిచూసుకుంటారు.

అసలు చిక్కు పొడవు దగ్గర. పొట్టిది, అంటే 16 మిల్లీమీటర్ల లాంటిది పెడితే పై కొసను తాకదు, వినికిడి నిలిచే అవకాశం ఎక్కువ. కానీ రేపు ఆ వినికిడి తనంతట తానే తగ్గితే పొట్టి ఎలక్ట్రోడ్ ఒక్కటే మాటను మోయాలి, అది కష్టం. అందుకే చాలామంది 24 లేదా 28 మిల్లీమీటర్ల వాటివైపు మొగ్గుతారు. అమ్మగారి వినికిడి ఏటేటా తగ్గుతూ వస్తుంటే నేనైతే పొట్టిదాన్ని సూచించను. పాత ఆడియోగ్రామ్‌లు ఉంటే తీసుకెళ్లి చూపించండి.

మైలాపూర్_అక్క:
మా వారికి చెన్నైలోనే చేయించాం తమ్ముడూ. ఆపరేషన్ అయ్యాక పరీక్ష చేస్తే పాత వినికిడి చాలావరకు నిలిచింది, అందరం సంతోషపడ్డాం. కొన్ని నెలలకు అది మెల్లగా జారిపోయింది. లోపల మచ్చ కణజాలం పెరగడం వల్ల కొందరికి ఇలా ఆలస్యంగా పోతుందని డాక్టర్ ముందే చెప్పి ఉన్నారు కాబట్టి తట్టుకోగలిగాం. పాటలు మునుపటిలా లేవంటారు, అది నిజం, దాచను. కానీ మనవడితో ఫోన్‌లో మాట్లాడుతున్నారు, ఆపరేషన్‌కు ముందు ఫోన్ ఎత్తేవారే కాదు. అమ్మకు "పోదు" అని మాట ఇవ్వొద్దు. "కాపాడాలని చూస్తారు, పోయినా మాట వినిపిస్తుంది" అని చెప్పు, అలా ఒప్పుకుంటేనే చేయించు.

హిందూపురం_బెంగళూరు:
థాంక్స్ అక్కా, సార్. పాత రిపోర్టులు చూశాను, ఏడాదికేడాది తగ్గుతూనే ఉంది, అంటే ఆపరేషన్ మానేసినా అది నిలిచేలా లేదు. ఇంకో మాట, ఎడమ చెవికి ఏమీ కాదు కదా?

ఆడియాలజీ_చెన్నై:
కాదు. ఎడమ చెవిని ముట్టుకోరు, అక్కడ చెవి మిషన్ అలాగే వాడొచ్చు, వాడాలి కూడా. కుడివైపు మొత్తం పోయినా మద్దెల ఎడమ చెవికి వినిపిస్తుంది, ఈ ముక్క అమ్మగారికి తప్పకుండా చెప్పండి. సర్జన్‌ను "మీ దగ్గర ఇలాంటి పేషెంట్లలో ఏడాది తర్వాత ఎంతమందికి నిలిచింది" అని నేరుగా అడగండి, ఆపరేషన్ అయిన వెంటనే తీసిన లెక్క చాలదు. గ్యారంటీ అనే వాళ్ల దగ్గర ఇంకో అభిప్రాయం తీసుకోండి. మెదడుపొరల వాపు రాకుండా న్యుమోకాకల్ టీకా ముందే వేయించాలి. ఆడియోగ్రామ్‌లు చాలావరకు 250 దగ్గర మొదలవుతాయి, 125 హెర్ట్జ్ కూడా కొలవమని అడిగి చేయించుకోండి.