గుర్రంపిల్ల శాంపిల్స్ హిసార్‌కు పంపడమెలా?

నమస్కారమండి. మాది విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గర పల్లె. పెళ్లి ఊరేగింపులకు తిప్పే మా ఆడగుర్రం నిన్న తెల్లారుజామున ఈసుకుపోయింది (గర్భం పోయింది). తొమ్మిదో నెల. పిల్లకు అన్నీ ఏర్పడ్డాయి, డెక్కల మీద మెత్తటి పొర కూడా ఉంది. అంతకుముందు పక్క గుర్రానికి ముక్కు కారితే జలుబే కదా అని వదిలేశాను, నాదే తప్పు.

డాక్టరుగారు హెర్పిస్ వైరస్ (గుర్రాలకు జలుబు తెప్పించి, కడుపుతో ఉన్నవాటికి గర్భం పోగొట్టేది) అనుమానమన్నారు. పిల్ల ఊపిరితిత్తి, కాలేయం, ప్లీహం ముక్కలు పీసీఆర్ పరీక్షకు (వైరస్ జన్యుపదార్థం ఉందేమో చూసేది) హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపాలట. తల్లి రక్తం ఇప్పుడొకసారి, 2-3 వారాలకు మరోసారి తీసి యాంటీబాడీలు 4 రెట్లు పెరిగాయేమో చూస్తారట.

ముక్కలు ఐస్ పెట్టెలో ఉన్నాయి (మా ఆవిడ ఫ్రిజ్ ముట్టుకోనివ్వలేదు). ఇక్కణ్నుంచి అంతదూరం చల్లదనం పోకుండా ఎవరైనా పంపారా? కొరియరా, రైలు పార్సిలా? వేరుగా కట్టేసిన మిగతా రెండు గుర్రాలకూ ముక్కు స్వాబ్ ఇప్పుడే తీయించాలా?